ఖాతా ఉంది సరే, హక్కు ఉందా?

ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల ఫ్లాటో సైటో కొనబోయే తెలుగువాళ్ళు మొదట అడిగే మాట ఒకటే: "ఏ ఖాతానా, బీ ఖాతానా?" ఆఫీసు క్యాంటీన్లో అదే చర్చ, నీలాద్రి రోడ్డు మెస్సుల్లోనూ అదే చర్చ. బ్రోకరు దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధం: "ఏ ఖాతా సార్, బ్యాంకు అప్రూవల్ కూడా ఉంది." ఆ రెండు ముక్కలు వినగానే చాలామంది అడ్వాన్సు చెక్కు రాసేస్తారు. ప్రశ్న తప్పేమీ కాదు. కాకపోతే అడగాల్సిన వరుసలో అది అయిదోదో ఆరోదో. మనవాళ్ళు దాన్ని మొదటికి తెచ్చి, మిగతావన్నీ అందులోనే ఇమిడి ఉన్నాయనుకుంటారు. ఆస్తి కొనడం, అమ్మడం మీద తరచూ వినబడే న్యాయ సందేహాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, వాటిలో ఎక్కువ భాగం ఈ తారుమారైన వరుస వల్ల పుట్టినవే.

ముందు ఊరి సంగతి. 1978లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాల్లో 332 ఎకరాలతో ఈ పారిశ్రామికవాడను మొదలుపెట్టింది. ఆ సంస్థకు అధిపతిగా ఉన్న ఆర్.కె. బాళిగ కన్న కల అది. కంపెనీల భూమి సంగతి వేరు, దాని బాగోగులకు 2013 నుంచి ఎల్సిటా అనే ప్రత్యేక టౌన్‌షిప్ అథారిటీ ఉంది. మనం కొనే ఇళ్ళు ఆ గోడల బయట, నిన్నమొన్నటి దాకా రాగులు పండిన చేలల్లో లేచినవి. 2010లో ఎలివేటెడ్ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది, 2025 ఆగస్టులో మెట్రో పసుపు లైను వచ్చింది. ధరలు పరిగెత్తాయి గానీ భూమి కాగితాలు మాత్రం ఆ చేల కాలం నాటివే.

పైగా ఇక్కడ ఒక్క కార్యాలయం కాదు. హోసూరు రోడ్డు మీద పోతుంటే సింగసంద్ర దగ్గర పాత బీబీఎంపీ (బెంగళూరు నగరపాలిక) పరిధి, కోనప్పన అగ్రహారంలో పురసభ, హెబ్బగోడిలో నగరసభ, బొమ్మసంద్రలో మళ్ళీ పురసభ. పక్క సందులోకి తిరిగితే గ్రామ పంచాయతీ తగిలినా ఆశ్చర్యం లేదు. ప్లాను మంజూరు చేసేది ఒకచోట బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ (బీడీఏ), ఇంకోచోట ఆనేకల్ ప్లానింగ్ అథారిటీ. అందుకే నిరుడు మిత్రుడు కొన్నప్పుడు పనికొచ్చిన సలహా మనకు పనికిరాకపోవచ్చు. ఆయన ఫ్లాటూ మన ఫ్లాటూ కిలోమీటరు దూరంలోనే ఉన్నా, కాగితాల లెక్కన వేర్వేరు ఊళ్ళు.

రెండో సందేహం ఇంకా లోతైనది. "రిజిస్ట్రేషన్ అయిపోయిందంటే ప్రభుత్వం మన హక్కును ఒప్పుకున్నట్టే కదా?" కాదు. మన దేశంలో రిజిస్ట్రేషన్ అంటే ఫలానా తేదీన ఫలానా ఇద్దరు ఈ పత్రం రాసుకున్నారని నమోదు చేయడం, అంతవరకే. అమ్మినవాడికి అమ్మే హక్కు ఉందా లేదా అన్న విచారణ సబ్‌రిజిస్ట్రార్ పని కాదు. పక్కనున్న తమిళనాడు నిబంధన ఒకటి, అమ్మేవాడు పాత హక్కు పత్రం చూపకపోతే రిజిస్ట్రేషన్ నిరాకరించవచ్చని చెప్పేది. దాన్ని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే ఏడాది హైదరాబాద్ రాయదుర్గం భూముల కేసులో, రిజిస్టరైన పత్రం చేతిలో ఉన్నంత మాత్రాన హక్కు పుట్టదని మళ్ళీ చెప్పింది. నవంబరులో బిహార్ కేసు. మ్యుటేషన్ రుజువు ఉంటేనే రిజిస్టర్ చేస్తామన్న ఆ రాష్ట్ర నిబంధన పోయింది. మరి ఈ-ఖాతా ఉంటేనే రిజిస్టర్ చేస్తామంటున్న కర్ణాటక పద్ధతి మాటేమిటని చదువరికి అనిపిస్తే తప్పులేదు.

హక్కుకు ప్రభుత్వమే పూచీ పడే పద్ధతి వేరే దేశాల్లో ఉంది. ఆస్ట్రేలియాలో టోరెన్స్ విధానం పందొమ్మిదో శతాబ్దం నుంచీ నడుస్తోంది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ ఆ దారిలో ల్యాండ్ టైట్లింగ్ చట్టం తెచ్చింది. 2023 అక్టోబరు ఆఖరున అమల్లోకి వచ్చిన ఆ చట్టం 2024 ఎన్నికల్లో పెద్ద రగడై, ప్రభుత్వం మారగానే రద్దయింది. ఆ చట్టంలో లోపాలు ఉన్నాయన్నది నిజం. ఆ అవసరం తీరలేదన్నదీ నిజమే. కాబట్టి హక్కు ఉందో లేదో తేల్చుకునే బరువు ఇప్పటికీ కొనేవాడి నెత్తినే ఉంది. బెంగళూరులో అయినా బెజవాడలో అయినా అంతే.

ఆ తేల్చుకోవడం ఫ్లాటుతో కాదు, భూమితో మొదలవ్వాలి. ఈ ప్రాంతంలో ఎంత పెద్ద టవరు కిందనైనా ఒక సర్వే నంబరు ఉంటుంది. దాని ఆర్‌టీసీ, అంటే మన అడంగలు, పహాణీ వంటిది, రెవెన్యూ శాఖ 'భూమి' వెబ్‌సైటులో దొరుకుతుంది. ఒక్క కాగితం. మూడో గడిలో విస్తీర్ణం, అందులోంచి తీసేసిన కరాబు. తొమ్మిదో గడిలో యజమాని పేరు. పదో గడిలో ఆ భూమి అతనికి ఎలా వచ్చిందో చెప్పే మ్యుటేషన్ నంబరు. పదకొండో గడిలో అప్పులు, ఇతర హక్కులు. కొనేవాళ్ళు తొమ్మిదో గడి చూసి కాగితం మడిచేస్తారు. అనుభవమున్న లాయరు కళ్ళు మూడు, పది, పదకొండు గడుల మీద ఆగుతాయి. కరాబులో రెండు రకాలున్నాయి. ఏ కరాబు రైతుదే, సాగుకు పనికిరాని నేల. బీ కరాబు మాత్రం దారి, కాలువ, శ్మశానం వంటి పదిమంది అవసరానికి వదిలింది, అది ప్రభుత్వానిది. రెండెకరాల సర్వే నంబరులో ఆరు గుంటల బీ కరాబు ఉండి, బిల్డరు రెండెకరాలకూ ప్లాను గీయించి ఉంటే, ఆ ఆరు గుంటల మీద ఏ టవరు లేచిందో అడగకుండా ముందుకు పోకూడదు. ఖాతా ఈ విషయం చెప్పదు.

పదో గడి వెనక్కి తవ్వుకుంటూ పోతే ఒక్కోసారి ప్రభుత్వం మంజూరు చేసిన భూమి అని తేలుతుంది. అప్పుడు అడగాల్సింది: ఎవరికి మంజూరైంది? షెడ్యూల్డ్ కులాల, తెగల కుటుంబానికైతే అలాంటి భూముల బదిలీని నిషేధించే 1978 నాటి పీటీసీఎల్ చట్టం వర్తిస్తుంది. మంజూరు షరతులకు విరుద్ధంగా జరిగిన అమ్మకం చెల్లదు. ఆ తర్వాత ఎన్ని చేతులు మారినా, ఎంతమంది పేరున రిజిస్టరైనా, భూమి ఆ కుటుంబానికి తిరిగి ఇప్పించవచ్చు. తెలుగు రాష్ట్రాల పాఠకులకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు, మన 1977 అసైన్డ్ భూముల చట్టానికి ఇది దగ్గరి చుట్టం. ఎంత ఆలస్యంగా వచ్చి అడిగినా భూమి తిరిగి ఇవ్వాలా అన్న దాని మీద పెద్ద వాదమే నడిచింది. సమంజసమైన గడువులోగా రావాలని 2017లో సుప్రీంకోర్టు అంది. 2023లో కర్ణాటక చట్టాన్ని సవరించి, గడువంటూ ఏమీ లేదని రాసుకుంది. ఆ సవరణ పరిధి మీద హైకోర్టులో వాదాలు ఆ తర్వాతా నడిచాయి. బ్రోకర్లు దీన్ని "పీటీసీఎల్ ప్రాబ్లం" అంటారు. భూమి పోగొట్టుకున్న కూలీ కుటుంబం వైపు నుంచి చూస్తే అది ప్రాబ్లం కాదు, రక్షణ. కొనేవాడు చేయాల్సింది ఆ చట్టాన్ని తిట్టుకోవడం కాదు, తహసీల్దారు ఆఫీసు నుంచి మంజూరు రికార్డు తీయించి చూసుకోవడం.

మంజూరు భూమి కాకపోతే పిత్రార్జితం. ఈ పల్లెల పాత భూస్వాముల్లో తెలుగు మాట్లాడే రెడ్డి కుటుంబాలు చాలా ఉన్నాయి. బేగూరు, సర్జాపుర వైపు స్థలం చూడటానికి పోతే ఇంటాయన "రండి బాబూ, కూచోండి" అని మన భాషలోనే పలకరిస్తాడు, మనసు కాస్త మెత్తబడుతుంది. మెత్తబడినా ఒక ప్రశ్న అడగడం మానకూడదు: "మీ అక్కచెల్లెళ్ళు సంతకం పెట్టారా?" ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి, కర్ణాటకలో 1994 జూలై నుంచి ఉంది. రెండు చోట్లా పెళ్ళి కాని కూతుళ్ళకే పరిమితం చేశారు. 2005లో కేంద్ర చట్టం ఆ గీత చెరిపేసింది. ఆ చట్టం అమల్లోకి వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురి హక్కు పుట్టుకతోనే వచ్చిందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా పూర్తయిన పంపకాలకు, అమ్మకాలకు మాత్రం మినహాయింపు ఉంది. ఇక్కడి చిక్కు ఏమిటంటే, ఎకరం కొన్ని లక్షలున్నప్పుడు అన్నదమ్ములు మాత్రమే సంతకాలు పెట్టి బిల్డరుకు ఇచ్చేశారు. ఎకరం కోట్లకు చేరాక చెల్లెలు కోర్టుకెక్కింది. ఆమె అడిగేది న్యాయమే. మధ్యలో నలిగేది మూడో అంతస్తులో ఫ్లాటు కొన్నవాడు. అందుకే వంశవృక్షం కాగితం అడగండి. దాన్ని పాత పంపకాల పత్రంలోని పేర్లతో ఒకటొకటిగా పోల్చండి.

ఈ దావా ఈసీలో, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో, కనబడుతుందా? ఎక్కువసార్లు కనబడదు. ఈసీ మీద మనవాళ్ళకున్న భక్తి ఇంతా అంతా కాదు. పదమూడేళ్ళ ఈసీ క్లీన్‌గా ఉంటే గుడిలో దణ్ణం పెట్టినంత నిశ్చింత. రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే ఈసీకి ఎక్కుతాయి. కోర్టులో నడుస్తున్న కేసు, రిజిస్టర్ కాని వీలునామా, నోటరీ అగ్రిమెంటు, భూసేకరణ నోటిఫికేషన్ వంటివి అందులో ఉండకపోవచ్చు. కేసు నడుస్తుండగా కొన్నవాడు ఆ కేసు తీర్పుకు కట్టుబడాల్సిందేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. నాకు తెలియదన్న సాకు అక్కడ చెల్లదు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో సర్వే నంబరుతో వెతకలేం, పేర్లతో వెతకాలి. భూమి పాత యజమానుల పేర్లన్నిటితో ఆనేకల్ కోర్టులోనూ బెంగళూరు కోర్టుల్లోనూ వెతికించడం లాయరు చేసే పనుల్లో అతి విసుగైనది, అతి ముఖ్యమైనది కూడా. ఇంకో కిటుకు. రిజిస్ట్రేషన్ శాఖ 'కావేరి' వెబ్‌సైటులో 2004 తర్వాతి వివరాలే సులువుగా దొరుకుతాయి. అంతకు ముందువి చేతిరాత పుస్తకాల్లో, ఆనాడు ఆ గ్రామం ఏ సబ్‌రిజిస్ట్రార్ పరిధిలో ఉందో అక్కడ ఉంటాయి. ముప్ఫయ్యేళ్ళ చరిత్ర చూడమని లాయర్లు చెప్పడం చాదస్తం కాదు. ఈ ప్రాంతం మట్టి రోడ్ల నుంచి మారింది సరిగ్గా ఆ ముప్ఫయ్యేళ్ళలోనే.

భూసేకరణ మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మసంద్ర, జిగణి పక్కపక్కనే ఉన్న పారిశ్రామిక ప్రాంతాలు. ఇక్కడ పారిశ్రామిక ప్రాంతాల బోర్డు కేఐఏడీబీ 1966 నాటి చట్టం 28వ సెక్షన్ కింద నోటిఫికేషన్ ఇస్తే, అది వెనక్కి తీసుకున్నారో లేదో తెలుసుకోకుండా ఆ సర్వే నంబరు జోలికి పోకూడదు. 'డీనోటిఫై అయిపోయింది సార్' అన్న నోటిమాట సరిపోదు, గెజిట్ కాపీ కావాలి.

బ్యాంకు లోను ఇచ్చిందంటే అన్నీ సరిగ్గా ఉన్నట్టేగా అన్నది అందరి నోటా వినబడే ఇంకో ధీమా. దీనికి జవాబు ఎలక్ట్రానిక్ సిటీకి ఎంతో దూరం లేని బన్నేరుఘట్ట రోడ్డు వైపు, అవని శృంగేరి నగర్‌లో దొరుకుతుంది. 2016 ఆగస్టులో రాజకాలువ ఆక్రమణల పేరిట అక్కడి ఇళ్ళ మీదికి బుల్‌డోజర్లు వచ్చాయి. ఆ ఇళ్ళవాళ్ళ దగ్గర క్రయపత్రాలున్నాయి, ఖాతాలున్నాయి, పన్ను రశీదులున్నాయి, బ్యాంకు లోన్లూ ఉన్నాయి. లేనిది పాత గ్రామ పటంలో ఆ కాలువ ఎక్కడ గీసి ఉందో చూసినవాడు. బ్యాంకు లాయరు రాసే లీగల్ ఒపీనియన్ బ్యాంకు కోసం రాసింది. ఇల్లు పోయినా వాయిదాలు ఆగవు, జీతం ఉన్నవాడి నుంచి బ్యాంకు వసూలు చేసుకోగలదు. చెరువుల, కాలువల బఫర్ దూరాలు కూడా స్థిరంగా లేవు. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెరువుకు 75 మీటర్లు వదలమంది, 2019లో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి పాత మాస్టర్ ప్లాన్ లెక్కకు తెచ్చింది. హైదరాబాద్‌లో 2024లో హైడ్రా వచ్చాక మన జనానికి ఎఫ్‌టీఎల్, బఫర్ అనే మాటలు నోటికి వచ్చాయి. బెంగళూరు వాళ్ళకు ఆ పాఠం ఎనిమిదేళ్ళ ముందే చెప్పారు. గ్రామ పటం సర్వే శాఖ దగ్గర కొద్దిపాటి రుసుముకే దొరుకుతుంది. దాన్ని స్థలం మీద పెట్టి చూపించగల లైసెన్స్ సర్వేయరుకు ఇచ్చే ఫీజు దండగ కాదు.

ఇప్పుడు ఖాతా. ఖాతా అంటే ఈ ఆస్తికి పన్ను ఎవరు కట్టాలో స్థానిక సంస్థ రాసుకున్న లెక్క. హక్కు పత్రం కాదు. 2007లో చుట్టూ ఉన్న మునిసిపాలిటీలను, 110 గ్రామాలను కలిపి బీబీఎంపీ చేసినప్పుడు, అనుమతి లేని లేఅవుట్లు వేలకొద్దీ లోపలికొచ్చాయి. వాటి నుంచి పన్ను వసూలు చేయాలి, అలాగని సక్రమమని ఒప్పుకోకూడదు. అందుకు పెట్టిన రెండో రిజిస్టరే బీ. అక్రమ-సక్రమ పేరుతో వాటిని ఒక్కసారిగా క్రమబద్ధం చేయాలన్న ప్రభుత్వ పథకం 2017లో సుప్రీంకోర్టు స్టేతో ఆగిపోయింది. మన తెలంగాణ ఎల్ఆర్ఎస్‌కు అది కవల. బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ, 2025 సెప్టెంబరులో అయిదు కార్పొరేషన్లు వచ్చాక, గైడెన్స్ విలువలో 5 శాతం కట్టి బీ ఖాతా సైటును ఏ ఖాతాకు మార్చుకునే పథకం ప్రకటించారు. అది ఆ అథారిటీ పరిధికి పెట్టిన పథకం. కోనప్పన అగ్రహారంలోనో హెబ్బగోడిలోనో స్థలం పెట్టుకుని "మనకీ వర్తిస్తుంది" అని చెప్పేవాణ్ణి ఏ ఉత్తర్వు కింద అని అడగాలి. ఆ మునిసిపాలిటీల పరిధిలో 'ఈ-ఆస్తి' ఖాతా, పంచాయతీ అయితే 'ఈ-స్వత్తు'లో ఫారం 9, ఫారం 11 చూడాలి. చేత్తో రాసి ముద్ర కొట్టిన పంచాయతీ ఖాతాతో ఇప్పుడు రిజిస్ట్రేషన్ ముందుకు సాగదు.

నా అభిప్రాయం అడిగితే, భూమి చరిత్ర శుభ్రంగా ఉండి ఒక్క ప్లాను లోపం వల్ల బీ ఖాతాలో ఉన్న చిన్న ఇల్లు, భూమి చరిత్ర గందరగోళంగా ఉండి ఏ ఖాతా ఉన్న పెద్ద ఫ్లాటు కన్నా నయం. మొదటిదాని ధరలో ఆ లోపం ఎంతో కొంత తగ్గింపుగా కనబడుతుంది. రెండోదాని లోపం బయటపడే సరికి డబ్బు చేతులు మారిపోయి ఉంటుంది. దీనికి ఒప్పుకోని లాయర్లున్నారు. బీ ఖాతా అమ్ముకోవడం కష్టం, చాలా బ్యాంకులు లోను ఇవ్వవు అంటారు. అదీ నిజమే. అది డబ్బుకు సంబంధించిన చిక్కు, హక్కుకు సంబంధించింది కాదు.

వ్యవసాయ భూమి మీద ఇంకో గందరగోళం. రైతు కానివాడు పొలం కొనకూడదన్న 79ఏ, 79బీ సెక్షన్లను కర్ణాటక 2020లో ఎత్తేసింది. అప్పటి నుంచి చందాపుర, అత్తిబెలె దాటాక "ఫార్మ్ ప్లాట్" బోర్డులు పుట్టగొడుగుల్లా లేచాయి. పొలం కొనవచ్చు, కానీ 1964 భూ రెవెన్యూ చట్టం 95వ సెక్షన్ కింద భూ వినియోగ మార్పిడి జరగకుండా అందులో ఇళ్ళ స్థలాలు కోయకూడదు. మార్పిడి జరిగినా లేఅవుట్ ప్లానుకు అనుమతి వేరు. ఈ రెండూ లేనివాటినే ఇక్కడ రెవెన్యూ సైట్లంటారు. ఇలాంటివాటిలో చాలా వరకు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద చేతులు మారినవే. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా మూడూ కలిపి కట్టగట్టి ఇచ్చినా అది అమ్మకం కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. విదేశీ పౌరసత్వం తీసుకున్న ఓసీఐలు, ఎన్నారైలు అయితే మామూలు దారిలో పొలం గానీ ఫార్మ్‌హౌస్ గానీ కొననే కూడదు.

భవనం విషయానికి వస్తే అడగాల్సిన కాగితం ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. కట్టడం ప్లాను ప్రకారమే అయిందని, మనుషులు ఉండవచ్చని స్థానిక సంస్థ ఇచ్చే పత్రం అది. ఇక్కడ ఏళ్ళ తరబడి కుటుంబాలు కాపురముంటున్న అపార్ట్‌మెంట్లలో ఓసీ లేనివి కొల్లలు. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక యూపీ కేసులో, ఓసీ చూశాకే కరెంటు, నీరు ఇవ్వాలని, బ్యాంకులు కూడా అది చూశాకే లోన్లు ఇవ్వాలని ఆదేశించడంతో పరిస్థితి మారింది. 2025లో కరెంటు సంస్థ బెస్కాం ఓసీ లేనివాటికి కొత్త కనెక్షన్లు ఆపేసింది. 1200 చదరపు అడుగుల వరకు ఉన్న స్థలాల్లోని చిన్న ఇళ్ళకు తర్వాత సడలింపు ఇచ్చారు గానీ అపార్ట్‌మెంట్లకు కాదు. "ఓసీ అప్లై చేశాం" అన్న మాటకు విలువ లేదు. ఏ తేదీన, ఏ కార్యాలయంలో, ఏ నంబరుతో అని అడగండి.

స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా మీద అతి నమ్మకమూ వద్దు, అతి అనుమానమూ వద్దు. కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు 10 శాతం మించి తీసుకోవాలంటే బిల్డరు ముందు రిజిస్టర్డ్ అగ్రిమెంటు రాయాలి. ఈ ఒక్క నిబంధన పట్టుకుని గట్టిగా నిలబడ్డా చాలా మోసాలు తలుపు దగ్గరే ఆగుతాయి. వసూలు చేసిన సొమ్ములో 70 శాతం వేరే ఖాతాలో ఉంచాలి. స్వాధీనం చేశాక అయిదేళ్ళ దాకా కట్టుబడి లోపాలకు బిల్డరుదే బాధ్యత. అందరికీ తెలియని సెక్షన్ ఒకటుంది, 18(2): భూమి హక్కులో లోపం వల్ల నష్టపోతే బిల్డరు పరిహారం ఇవ్వాలి, ఆ దావాకు కాలపరిమితి లేదు. రెరా ఆర్డరు తెచ్చుకోవడం ఒక ఎత్తు, ఆ డబ్బు వసూలు చేసుకోవడం ఇంకో ఎత్తు. కర్ణాటకలో ఆ వసూలు జిల్లా కలెక్టరు, అంటే డీసీ ఆఫీసు ద్వారా సాగాలి. ఆ నడక నత్తనడకే. భూమి యజమానికీ బిల్డరుకూ మధ్య జాయింట్ డెవలప్‌మెంట్ అగ్రిమెంటు (జేడీఏ) ఉన్న ప్రాజెక్టుల్లో మనం కొనేది ఎవరి వాటా ఫ్లాటో, ఆ పంపకం పత్రం రిజిస్టరైందో లేదో చూసుకోవాలి.

అమ్మేవాళ్ళకూ తిప్పలున్నాయి. లోను తీరిపోయింది, కానీ ఈసీలో ఆ తనఖా ఇంకా కూర్చునే ఉంది. డిశ్చార్జ్ పత్రం రిజిస్టర్ చేయించలేదు కదా మరి. లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వకపోతే బ్యాంకు రోజుకు 5,000 రూపాయలు పరిహారం ఇవ్వాలని 2023 డిసెంబరు నుంచి ఆర్‌బీఐ నిబంధన అమల్లో ఉంది. చాలామంది అడగరు. 2024 జూలై 23కు ముందు కొన్న ఇల్లయితే, దేశంలో నివాసం ఉన్నవాళ్ళు లాభం మీద సూచీ లెక్క లేకుండా 12.5 శాతమో, సూచీతో 20 శాతమో, ఏది తక్కువైతే అది కట్టుకోవచ్చు. అమ్మేవాడు డల్లాస్‌లోనో సియాటిల్‌లోనో స్థిరపడ్డ మనవాడే అయితే కొనేవాడు మరింత జాగ్రత్తపడాలి. మామూలు అమ్మకంలో 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ కోసి కడితే సరి. ఎన్నారై అమ్మకందారు దగ్గర దీర్ఘకాలిక లాభమైతే 12.5 శాతం, దాని పైన సర్‌చార్జి, సెస్సు. తక్కువ కోతకు ఆయన ముందే సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే ఆ కోత సాధారణంగా మొత్తం ధర మీదే పడుతుంది. స్నేహం కొద్దీ 1 శాతంతో సరిపెడితే ఆదాయపు పన్ను శాఖ నోటీసు కొన్నవాడికే వస్తుంది.

ఖర్చు లెక్క సూటిగా చెప్పుకోవచ్చు. 45 లక్షలు దాటిన ఆస్తికి స్టాంపు డ్యూటీ 5 శాతం, సెస్సు, సర్‌చార్జి కలిపితే పట్టణ పరిధిలో 5.6. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31న 1 నుంచి 2 శాతానికి పెరిగింది. 80 లక్షల ఫ్లాటుకు 6 లక్షల 8 వేలు. కట్టుబడిలో ఉంటే 5 శాతం జీఎస్‌టీ అదనం, కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొంటే లేదు. "కొంత వైటు, కొంత క్యాష్" అన్న బేరం మీద ఒక్క మాట: 20,000 గానీ అంతకు మించి గానీ నగదు అడ్వాన్సు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. అంతకన్నా ముఖ్యం, బేరం చెడితే ఆ నగదు మీరు ఇచ్చారనడానికి ఏ కోర్టులోనూ చూపించే కాగితం ఉండదు.

అడ్వాన్సు దగ్గరికి వచ్చాం కాబట్టి చివరి ప్రశ్న: లాయరు అభిప్రాయం ముందా, అడ్వాన్సు ముందా? బ్రోకరు అడ్వాన్సు ముందంటాడు, "రేపు ఇంకో పార్టీ వస్తున్నారు" అంటాడు. లాయరు ముందే ఉండాలి. ఆయన బిల్డరు చూపించిన లాయరు కాకూడదు, బ్యాంకు ప్యానెల్ లాయరూ కాకూడదు. ఆనేకల్ తాలూకా రికార్డులు చదివిన అలవాటున్నవాడై ఉండాలి. పాత పత్రాలు చేతిరాత కన్నడలో ఉంటాయి, మనకు అక్షరాలు పోల్చుకోగలిగినంత మాత్రాన అర్థం దొరకదు. టోకెన్ ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే అది బ్యాంకు ద్వారా, చిన్న మొత్తంగా ఇచ్చి, రశీదులో ఈ వాక్యం రాయించండి: "కొనుగోలుదారు న్యాయవాది పరిశీలనలో హక్కు లోపం తేలిన పక్షంలో, పదిహేను రోజుల్లో మొత్తం సొమ్ము ఏ కోతా లేకుండా తిరిగి చెల్లించబడును." నిజాయతీగా అమ్మేవాడికి ఈ వాక్యంతో పోయేదేమీ లేదు. ఇది రాయనన్నవాడితో ధర దగ్గర బేరమాడుతూ కూర్చోవద్దు, లేచి వచ్చేయండి. ఎలక్ట్రానిక్ సిటీలో అమ్మకానికి ఫ్లాట్లు కొదవలేదు.